గుప్పెడు బియ్యం, ఒక మాట

మొన్న బొబ్బిలి దగ్గర ఒక పల్లెలో, పంట వివరాలు రాసుకోవడానికి ఒక రైతు ఇంటి వరండాలో కూర్చున్నాను. లోపల ఎవరో బియ్యం చెరుగుతున్నారు. చేటలో గింజలు ఎగిరి పడే చప్పుడు, రాయి కనిపించినప్పుడు చెయ్యి ఆగడం, మళ్ళీ చప్పుడు. తవుడు వాసన గుమ్మం దాటి నా దాకా వచ్చింది. రాస్తున్న కలం పక్కన పెట్టేశాను. ఇంటావిడ చేట పట్టుకుని బయటికి రాగానే, అడక్కుండానే నాలుగు గింజలు తీసి పంటికింద వేసుకుని, ఇవి రెండు రకాలు కలిశాయమ్మా, ఒకటి పాత సన్నాలు, రెండోది కోటా బియ్యం అన్నాను. ఆవిడ సిగ్గుపడి నవ్వింది. ఆమె భర్త మాత్రం ఆశ్చర్యపోయి, ఇది మీ వ్యవసాయం చదువులో నేర్పుతారేటి మేడమ్ అని అడిగాడు. డిప్లొమాలో నాకు చాలా నేర్పారు గానీ ఇది నేర్పలేదు. ఇది నాకు నేర్పింది సువార్తమ్మ. మీరు ఆవిడను చూడలేదు, ఇక చూసే వీలు కూడా లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, రెండు వేల పదిలో, మా మేనమామ నన్ను కొత్తవలస నుంచి బస్సులో తీసుకొచ్చి అనాథ పిల్లల హోములో దించాడు. విజయనగరానికీ శ్రీకాకుళానికీ మధ్య హైవే దిగి సముద్రం వైపు వెళ్తే వచ్చే చిన్న ఊరు అది. మిషన్ దొరల కాలం నాటి పెంకుటిల్లు, వెనక రేకుల వంటశాల, పక్కన బాప్టిస్టు మందిరం, చుట్టూ జీడితోటలు. నాన్న మేడ కట్టే పనిలో పైనుంచి పడి చనిపోయాడు. ఏడాది తిరక్కుండా అమ్మ జ్వరంతో పోయింది. మావయ్యకు అప్పటికే నలుగురు పిల్లలు. వారంలో వచ్చి తీసుకెళ్తానని చెప్పి వెళ్ళాడు. అది అబద్ధమని నాకు అప్పుడే తెలుసు, ఎందుకంటే అబద్ధం ఆడేటప్పుడు మా మావయ్య మెడ గోక్కుంటాడు. అయినా గేటు దగ్గరే కూర్చున్నాను.

మధ్యాహ్నం దాటాక ఒక పొడుగాటి మనిషి కంచం పట్టుకుని వచ్చి నా పక్కన నేలమీద కూలబడింది. తెల్ల వాయిలు చీర, బిగించి కట్టిన ముడి, ఎడమ ముంజేతి మీద గంజి పడి కాలిన పెద్ద మచ్చ. ఏడవకమ్మా అని గానీ, నేనున్నాను కదా అని గానీ అనలేదు. "ఎవులి కోసం సూస్తన్నావు?" అంది. మావయ్య వస్తాడన్నాను. "వస్తాడు. వచ్చీసరికి నువ్వు సిక్కిపోయి ఉంటే గుర్తు పట్టొద్దేటి? తిను" అంది. నాకు నవ్వు రాలేదు గానీ ఆకలి వచ్చింది. కంచంలో అన్నం చూసి తెల్లబోయాను. అందులో లావు గింజ ఉంది, సన్న గింజ ఉంది, కొంచెం ఎర్రగా ఉన్నదీ ఉంది. కానీ ఏ గింజా పలుకు లేదు, ఏ గింజా ముద్ద కాలేదు. ఇన్ని రకాలు ఒక గిన్నెలో ఎలా ఉడికాయో నాకు అర్థం కాలేదు.

ఆవిడే సువార్తమ్మ. మేమంతా మామ్మ అనేవాళ్ళం. హోము నడిపే చర్చి కమిటీ లెక్కలో ఆవిడ వంటమనిషి. వార్డెన్లు వచ్చేవారు, ఏడాది తిరక్కుండా వెళ్ళిపోయేవారు. మామ్మ ఉండేది. ఇరవై రెండు మంది ఆడపిల్లల జ్వరాలు, పేలు, తగాదాలు, పరీక్షలు అన్నీ ఆవిడ మీదే పడేవి. ఆవిడకు వెనకాముందూ ఎవరున్నారో మాకెవరికీ తెలియదు. చదువు అయిదో తరగతి దాకానే అయినా ఆవిడ ముందు పాస్టరు గారు కూడా ఆచితూచి మాట్లాడేవారు. నోరు పెద్దది, చెయ్యి మాత్రం ఎవరి మీదా ఎత్తేది కాదు.

అన్నం అలా మూడు రంగుల్లో ఎందుకు ఉండేదో చెప్పాలి. మా వైపు చర్చిల్లో గుప్పెడు బియ్యం అని ఒక ఆచారం ఉంది. ఇంట్లో ఎసట్లో బియ్యం పోసేముందు ఇల్లాలు ఒక గుప్పెడు తీసి పక్కన కుండలో వేస్తుంది. అది దేవుడి పాలు. వారం తిరిగేసరికి అయిన బియ్యం మందిరానికి ఇస్తుంది. మా ఊళ్ళో ఆ బియ్యం హోముకి వచ్చేది. ఎవరో తెచ్చివ్వడం కాకుండా శనివారం ఉదయం మేమే జంటలుగా బయల్దేరి ఇంటింటికీ వెళ్ళేవాళ్ళం. ఒక్కో ఇంటికీ పాత చీరముక్కతోనో లుంగీగుడ్డతోనో మామ్మ కుట్టిన ఒక్కో సంచి. ఈ ఇంటి బియ్యం ఆ ఇంటి బియ్యంలో కలవడానికి వీల్లేదు. ఎందుకంటే ప్రతి ఇల్లూ బియ్యంతో పాటు ఒక మాట కూడా ఇచ్చేది. మా అల్లుడికి పని దొరకాలని అడగండమ్మా. మా ఆవు ఈనాలి. మా ఆయన తాగుడు మానాలి. ఆ మాట మేము గుర్తు పెట్టుకుని తేవాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక తలా ఒక చేట ముందేసుకుని వరసగా కూర్చుని, ఏ ఇంటి బియ్యం ఏరుతుంటే ఆ ఇంటి మాట దేవుడికి చెప్పాలి. రాళ్ళూ మట్టిబెడ్డలూ ఏరడం అయ్యేలోపు ప్రార్థన అయిపోవాలి. అదీ మామ్మ పద్ధతి. అదయ్యాక ఏ రకానికి ఆ రకం వేరే డబ్బాల్లో పోసి, వండేటప్పుడు లావు బియ్యం ముందు, సన్నవి తర్వాత ఎసట్లో వేసేది. అలా అన్నీ ఒక్కసారే ఉడికేవి. గింజ పట్టుకుని చూసి, ఇది మేస్టారింటిది, ఇది దీనమ్మది అని కళ్ళు మూసుకుని చెప్పేది. మేమూ నేర్చుకున్నాం.

మొదట్లో నేను ప్రార్థన చేసేదాన్ని కాదు. అమ్మ జ్వరంలో ఉన్నప్పుడు నేను అడిగాను, ఆయన ఇవ్వలేదు. ఇంక నాకూ ఆయనకూ మాటలు లేవని మామ్మకు తెగేసి చెప్పాను. మామ్మ చేట దించకుండానే, "మీ ఇద్దరికీ మాటలు లేకపోతే లేకపోయినాయి. మేస్టారింటి కబురు అందించీ. అది నీది కాదు గదా" అంది. ఎడముఖం పెడముఖంగా ఉన్న ఇద్దరు కూడా ఇంటికి ఎవరో వచ్చారని చెప్పుకోక తప్పదు కదా. అలాగే నేనూ మొదలుపెట్టాను. మేస్టారి కోడలికి మూడుసార్లు కడుపు పోయింది, ఈసారి నిలవాలని అడగమన్నారు అని ముఖం మాడ్చుకుని చెప్పాను, పోస్టు ఇచ్చేసి వెళ్ళిపోయేవాళ్ళలాగా. వారం వారం చెప్పాను. ఎన్నో నెల వచ్చిందో కూడా లెక్క పెట్టుకుని చెప్పాను. పాప పుట్టిన రోజున మేస్టారి భార్య హోముకి పాయసం పంపింది. ఆ పాపను మేము ఎత్తుకుని, ఇది మా పాప అని వీధిలో అందరికీ చూపించుకుని తిరిగాం. ఆ శనివారం మేస్టారింటి బియ్యం ఏరుతూ, ఎవరూ చెప్పకుండానే, మొదటిసారి నా గొంతుతో నేనే ఆయనకు థాంక్స్ చెప్పాను. ఆ తర్వాత కొద్దికొద్దిగా మాటలు కలిశాయి. నా అమ్మ సంగతి కూడా ఒకరోజు అడిగాను, కోపంగానే అడిగాను. ఆయన ఊరుకుని విన్నట్టు అనిపించింది. చిన్నపిల్లకు అది తక్కువ సంగతి కాదు.

తొమ్మిదో తరగతికి వచ్చేసరికి నా చేతికి పదకొండు ఇళ్ళ సంచులు వచ్చాయి. సముద్రం ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ పేట నాది. అక్కడ చర్చికి వచ్చే ఇళ్ళు తక్కువ. పోలమ్మ అని ఒకావిడ ఉండేది, ఆవిడ లాంటివాళ్ళు అమ్మోరికి మొక్కేవాళ్ళే. అయినా తల్లీతండ్రీ లేని పిల్లలు అడిగితే ఏ దేవుడూ కాదనడని ఆవిడ నమ్మకం. ఎండు చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగే ముసలమ్మ, ఒక్క కొడుకు, ఆ కొడుకు వేటకు వెళ్ళి క్షేమంగా ఒడ్డుకు రావాలన్నదే ప్రతివారం ఆవిడ మాట. ఆవిడ సంచి నీలం గళ్ళ లుంగీ గుడ్డది. ఆవిడ మనవరాలు గౌరి నా క్లాసే. ఒకరోజు స్కూల్లో మధ్యాహ్న భోజనం దగ్గర ఏదో చిన్న గొడవలో గౌరి, మా నాయనమ్మ గుప్పెడు బియ్యం ఎయ్యకపోతే వీళ్ళకి కూడే లేదు అనేసింది. లైనులో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఆ నవ్వు నాలో దిగిపోయింది. అంతకు ముందు నేను కబురు మోసే మనిషిని. ఆ రోజు నుంచి నాకు నేను సంచి పట్టుకుని అడుక్కునే పిల్లలా కనిపించాను.

ఆ తర్వాతి శనివారం పోలమ్మ ఇంటి సందు దగ్గరకు వచ్చి, గౌరి గుమ్మంలో జడ వేసుకుంటూ కనిపించేసరికి, నా జతగా వచ్చిన చిన్నపిల్లకు ఆ ఇంట్లో ఎవరూ లేరని చెప్పి పక్క సందులోంచి వెళ్ళిపోయాను. దారిలో ఆ పిల్లను ముందు నడవమని, సరుగుడు తోటలో కూర్చుని మిగతా సంచుల్లోంచి కాస్త కాస్త తీసి నీలం గళ్ళ సంచి నింపాను. మాట ఏమిటని మామ్మ అడిగితే, ఎప్పటిదే, కొడుకు కోసమే అన్నాను. మామ్మ ఆ సంచి విప్పి, గుప్పిట నిండా తీసుకుని, వాసన చూసి చేటలో పోసింది. అలా ఆరు వారాలు చేశాను. మా హోములో నేను చేసిన దొంగతనం అదొక్కటే. దేవుడి బియ్యంలోంచి దేవుడి బియ్యం దొంగిలించడం మా పిల్లలకు తప్ప ఎవరికీ తట్టదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మావయ్య వచ్చాడు. అయిదేళ్ళలో అది మూడోసారి రావడం. రొయ్యల కంపెనీలో తలకాయలు వలిచే పని ఉంది, ఆడపిల్లలు చాలామంది చేస్తున్నారు, వయసు ఎవరూ అడగరు, నెలాఖరుకి వచ్చి తీసుకెళ్తానన్నాడు. ఈసారి మెడ గోక్కోలేదు, నిజమే చెప్పాడు. నేను వస్తానన్నాను. చదువు పోతుందని తెలుసు. లెక్కల్లో స్కూలు మొత్తానికి నేనే ఫస్టు, అదీ తెలుసు. కానీ రొయ్యలు వలిచి తిన్న కూడు ఎవరూ ఎత్తిపొడవరని అనిపించింది. మామ్మతో చెబితే ఆవిడ నన్ను ఆపలేదు. కమిటీ వాళ్ళ చేత చెప్పించలేదు. "ఎల్తే ఎల్లు. గానీ ఇన్నాళ్ళు తిన్నది ఏటో తెలుసుకుని ఎల్లు" అని మాత్రం అంది. అదేదో నన్ను దెప్పినట్టు తోచి రెండు రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

ఆ అక్టోబరులోనే తుఫాను వచ్చింది. ఆదివారం ఆరాధన మధ్యలోనే గాలి మొదలైంది. మామ్మ మమ్మల్ని మందిరంలో రాతిగోడ వారన కూర్చోబెట్టింది. మధ్యాహ్నానికి వంటశాల రేకులు లేచిపోయిన చప్పుడు విన్నాం. చిన్నపిల్లలు ఏడుస్తుంటే మామ్మ, ఏడుపు తర్వాత, ముందు మన ఇళ్ళన్నీ తలుచుకుందాం అని వరసగా ఒక్కో ఇంటి పేరూ చెప్పి ఆ ఇంటివాళ్ళు క్షేమంగా ఉండాలని అడగసాగింది. ఒక్కో పేరుకీ మేము ఆమెన్ అనాలి. పోలమ్మ కొడుకు ఎర్రయ్య ఏ నీళ్ళ మీద ఉన్నాడో అని మామ్మ అన్నప్పుడు నేను ఆమెన్ అనలేకపోయాను. గాలి హోరులో అది ఎవరికీ తెలియలేదనుకున్నాను.

మర్నాటి ఉదయానికి ఊరు మారిపోయింది. జీడితోటలు నేలమట్టం అయ్యాయి, కరెంటు స్తంభాలు వంగిపోయాయి, ఫోన్లు లేవు. మేము వరండాలో పెంకుముక్కలు ఏరుతుండగా, పడిపోయిన చెట్లు దాటుకుంటూ పోలమ్మ వచ్చింది. మోకాళ్ళ దాకా బురద. చంకలో పెద్ద మూట. వెనక గౌరి తల వంచుకుని ఉంది. మూట వరండాలో దించి, నిలబడే మామ్మను అడిగింది.

"మా సంచి ఎందుకు ఆపీసినారప్పా? ఆరు శనివారాలు గుమ్మంలో కూకున్నాను. మాది అమ్మోరి ఇల్లనా?"

ఆవిడ మాటలో కోపం లేదు. నొచ్చుకున్న గొంతు అది. ఆ మూటలో ఆరు వారాల గుప్పెళ్ళున్నాయి. ఇల్లు సగం ఎగిరిపోయినా ఆవిడ ఆ కుండను తడవకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చుందట. నెమ్మదిగా తక్కిన సంగతీ చెప్పింది. కొడుకు ఎప్పటిలా చిన్న తెప్ప మీద వెళ్ళలేదు. విశాఖపట్నంలో పెద్ద మరబోటు ఎక్కి మొదటిసారి లోతు సముద్రానికి వెళ్ళాడు. పది రోజులైంది. తుఫాను కబురు ఆ బోటుకు అందిందో లేదో తెలియదు. ఈ కొత్త మాట మాకు చెప్పాలని ఆవిడ గడిచిన రెండు శనివారాలూ ఎదురు చూసింది.

మామ్మ నా వైపు చూడలేదు. చూసి ఉంటే నేను వంటశాలలోకి పారిపోయేదాన్నేమో. ఆవిడ చూడకపోవడం వల్లే అక్కడే నిలబడ్డాను. "నానే రాలేదు" అన్నాను. "సిగ్గేసి రాలేదు. వేరేవోళ్ళ బియ్యంతో మీ సంచి నింపీసినాను." గౌరి ఒక్కసారి తలెత్తి నన్ను చూసి, మళ్ళీ దించుకుంది. పోలమ్మ రెండడుగులు నా దగ్గరకు వచ్చింది. చెంప మీద కొడుతుందని అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"అయితే మావోడి గురించి ఆరు వారాలూ ఎవులూ అడగలేదన్నమాట" అంది. తర్వాత వరండాలో చతికిలబడి, "సరే, ఇప్పుడడుగు. నానిక్కడే కూకుంటాను" అంది.

ఆ మాట విన్నాక నాకు తెలిసింది, ఇన్నాళ్ళూ నేను తిన్నది ఏమిటో. ఇల్లు కూలిపోయిన మనిషి, కొడుకు జాడ తెలియని మనిషి, బురదలో రెండు మైళ్ళు నడిచి నా దగ్గరకు పనిమీద వచ్చింది. ఆ పని నేను తప్ప ఇంకెవరూ చేసిపెట్టలేరని నమ్మి వచ్చింది. అడుక్కునేవాళ్ళ దగ్గరకు ఎవరూ అలా రారు. నేను చేట తెచ్చుకుని ఆ మూట విప్పాను. ఎండు నెత్తళ్ళ చేపల వాసన గుప్పుమంది. గింజలు వేళ్ళతో జరుపుతూ పైకే అడిగాను. పెద్ద మాటలు రాలేదు. ఎర్రయ్య మావను ఒడ్డుకు చేర్చు, నేను చేసిన తప్పుకు ఆయన మీద కోపం పెట్టుకోకు, నా చదువు పోయినా పర్లేదు అన్నట్టున్నాను. మధ్యలో ఏడుపు వచ్చి ఆగిపోతే గౌరి వచ్చి నా పక్కన కూర్చుని చేట రెండో అంచు పట్టుకుంది. ఇద్దరం కలిసి ఏరాం. పోలమ్మ చెప్పినట్టే ఆఖరి గింజ దాకా కదలకుండా కూర్చుంది.

వాళ్ళు వెళ్ళాక మామ్మ నాతో ఒక మాట చెప్పింది, దానికోసమే ఆవిడంటే నాకు ఇప్పటికీ అంత గౌరవం. "మొదటి వారమే తెలిసింది నాకు. పోలమ్మ బియ్యం నెత్తళ్ళ వాసనొస్తాది. నీ సంచిలో ఆ వాసన లేదు. నువ్వే సెప్తావని సూసినాను. అందాకా ఆ కొడుకు కోసం నాను అడుగుతానే ఉన్నాను. గానీ ముసిల్దానికి ఒక్క కబురు పంపలేకపోయినాను. నిన్ను దిద్దాలన్న పంతంలో దాన్ని మర్సిపోయినాను. అది నా తప్పు" అంది. అక్కడితో ఊరుకోలేదు. ఆ సాయంత్రమే పేటకు వెళ్ళి పోలమ్మ ముందు ఇదే మాట చెప్పి క్షమించమని అడిగింది. తప్పు చేసిన పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ ముందు ఒప్పుకోవడం నేను అదే మొదటిసారి చూడటం. ఆ తర్వాత కూడా ఎక్కువసార్లు చూడలేదు.

అయిదో రోజున గౌరి పరిగెత్తుకుంటూ వచ్చింది. బోటు గాలికి ఒడిశా వైపు కొట్టుకుపోయి పారాదీప్‌లో ఒడ్డు పట్టిందట. అందరూ బతికే ఉన్నారట. మేము వరండాలో గెంతులు వేశాం. అక్క ప్రార్థన చేసినందుకే వచ్చాడని ఒక చిన్నపిల్ల నన్ను చూపించి అంటే మామ్మ వెంటనే అడ్డం పడింది. "దేవుడు సేసిన పనికి మనం సంతకం పెట్టుకోకూడదే" అంది. అందుకని నేను కూడా పెట్టుకోను. కానీ ఆ రోజు నేనెంత గర్వపడ్డానో చెప్పకపోతే అది ఇంకో అబద్ధమవుతుంది.

నెలాఖరుకి మావయ్య వచ్చాడు. మామ్మ పొయ్యి దగ్గరే ఉంది, బయటికి రాలేదు. నేను రానని చెప్పాను. ఎన్నాళ్ళు ఇలా ఒకళ్ళింటి బియ్యం అడుక్కు తింటావని ఆయన కసురుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, ఆయనకు నిజంగానే అలా కనిపించింది. "అడుక్కోడం కాదు మావయ్యా" అన్నాను. "పదకొండు ఇళ్ళోళ్ళు నాకు పని సెప్పినారు. శనివారం నాను ఎల్లకపోతే వోళ్ళ మాట ఆగిపోతాది." ఆయనకు సగం అర్థమైంది, సగం కాలేదు. అప్పుడు మామ్మ కంచంతో వచ్చి, "తినెల్లు బాబూ" అని ఆయన ముందు పెట్టింది. ఆయన రెండోసారి పెట్టించుకుని తిన్నాడు. వెళ్తూ నా తల నిమిరాడు. అప్పుడు కూడా మెడ గోక్కోలేదు.

ఆ తర్వాత కథ పెద్దదేం కాదు. పదో తరగతిలో స్కూలు ఫస్టు వచ్చాను. వ్యవసాయం డిప్లొమా చదివాను. గౌరి ఇప్పుడు విజయనగరంలో నర్సు, నాకు అక్క లాంటిది. రెండు వేల పంతొమ్మిది చివర్లో నాకు గ్రామంలో వ్యవసాయ సహాయకురాలిగా ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి హోముకి వెళ్ళేసరికి మామ్మ మంచాన పడి ఉంది. వరండాలోనే మంచం వేయించుకుంది. మనిషి సగమైంది, గొంతు మాత్రం అలాగే ఉంది. నా ఉద్యోగం కాగితం చదివించుకుని రెండుసార్లు వింది. తర్వాత డబ్బాలోంచి గుప్పెడు బియ్యం తెమ్మంది. తెస్తే, ఆ గుప్పెడు నా చేతిలోకి వంపింది.

"నాదీ ఒక మాట ఉన్నాది. మోస్తావేటి?" అంది.

పదేళ్ళలో ఆవిడ తన కోసం ఏదీ అడగమని ఎవరికీ చెప్పగా నేను వినలేదు. మోస్తానన్నాను.

"నాకు నాలుగేళ్ళప్పుడు మాయమ్మ నన్ను ఈ వరండాలోనే కూకోబెట్టింది. నీళ్ళు తాగొస్తానని ఎల్లింది. మరి రాలేదు. ఎందుకెల్లిందో నాకు అక్కర్లేదు. నన్నిక్కడ బాగానే సూసినారు. గానీ పిల్లని ఒదిలీసినానన్న బాధ ఆవిడ గుండెలో ఉంటాది గదా. అది తీసీమని అడుగు."

మామ్మ కూడా మాలాగే ఆ గేటు వైపు చూస్తూ ఎదురుచూసిన పిల్ల అని అప్పటిదాకా నాకు తెలియదు. ఆవిడ ఇంకా ఉంటుందా మామ్మా అని అడిగాను. అది ఆయనకు తెలుసు, నువ్వు అడుగు అంది. ఇన్నేళ్ళూ మీరెందుకు అడగలేదని అడిగితే, "నా సేట్లో నా బియ్యం ఎప్పుడున్నాదే గుంటా" అని నవ్వింది. ఆ క్రిస్మస్ వెళ్ళిన వారానికి మామ్మ పోయింది. మందిరం పట్టనంత జనం వచ్చారు, పోలమ్మ కూడా కొడుకు భుజం పట్టుకుని వచ్చింది.

హోములో నాతో పెరిగినవాళ్ళను తర్వాత ఒక్కొక్కరినీ అడిగి చూశాను. మామ్మ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఎందరినో పెంచిన మనిషి, తన మాటను, ఒకప్పుడు ఒక ఇంటి మాటను ఆరు వారాలు దారిలో పారేసినదాన్నని తెలిసి కూడా నాకే ఇచ్చింది. నా చేతికి వచ్చిన ఉద్యోగం కాగితం కన్నా నాకు అదే పెద్దది. ఎక్కడికి బదిలీ అయినా దాన్ని మోసుకునే వెళ్తున్నాను. అయితే ఈ మధ్య, ఇంత పెద్ద మాటను ఒక్కదాన్నే మోయడం సరికాదేమో అనిపిస్తోంది. ఇది చదివినవాళ్ళలో ప్రార్థించే అలవాటు ఉన్నవాళ్ళుంటే, ఏ దేవుడికైనా సరే, ఒక్కసారి అడగండి. ఆమె పేరు నాకు తెలియదు. నీళ్ళు తాగొస్తానని వెళ్ళిన సువార్తమ్మ గారి అమ్మ అంటే చాలు, ఆయనకు తెలుస్తుంది.